గాలిపలక రెండో భాగం

"వీడు దూకే ముందు ముహూర్తం చూసుకుంటున్నాడా ఏంటి?"

‘గాలిపలక’ అనే స్కేట్‌బోర్డు వీడియో గేమ్ రెండో భాగం విడుదలైన మర్నాడు పొద్దున్న ఆటగాళ్లు రాసిన అభిప్రాయాల్లో అన్నిటికంటే పైకెక్కి కూర్చున్నది ఇదే. దాని కింద నవ్వు బొమ్మలు బారులు తీరాయి. ఆ ఊపులో ఇంకొకడు తగులుకున్నాడు. బొమ్మలు అదిరాయి, సంగీతం అదిరింది, బోర్డు మీద మాత్రం మా తాతని ఎక్కించారు అని రాశాడు. వరంగల్ కుర్రాడెవరో, "అన్నా, ప్రతి జంపుకు ముందల కడుపుల ఏదో పట్టేస్తాంది. మొదటి పార్టుల గిట్ల లేకుండె. జల్ది సరిచెయ్యుండ్రి" అని బతిమాలుకున్నాడు. అనంతపురం నుంచి ఒక పెద్దమనిషి పేరాలు విడగొట్టి, ఎక్కడా ఒక్క బూతు మాట లేకుండా, చాలా మర్యాదగా చీల్చి చెండాడాడు. మొదటి భాగాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగినవాళ్లే రెండోదాన్ని నేలకేసి కొడుతున్నారు.

రుషికొండ మీద ఆ ఆటను తయారుచేసిన సంస్థలో, తన గదిలో కూర్చుని ఇవన్నీ చదువుతున్న హైమ మొహం మాడిపోయింది. ఆటలో బొమ్మలు ఆమెవి కావు, సంగీతం ఆమెది కాదు. కడుపులో పట్టేసే ఆ ఒక్కటి మాత్రం ఆమె శాఖ సరుకు. ఇంకా సూటిగా చెప్పాలంటే, అది ఆమె తమ్ముడు సింహాద్రి కడుపులోది.

ఆమె సొరుగులోంచి చెవిపట్టీ తీసి తగిలించుకుంది. చెవి వెనక ఎముకకు ఆనుకుని ఉండే ఆ సన్నటి పట్టీని కనిపెట్టింది హైమే. మనిషి ఎటు ఒరిగాడో, లేస్తున్నాడో పడుతున్నాడో లోపలి చెవి అనుక్షణం మెదడుకు చెబుతూ ఉంటుంది. ఆ మాటల్ని పట్టీ చాటుగా వింటుంది, రాసిపెట్టుకుంటుంది. ఇంకొకరికి తగిలిస్తే అవే మాటలు వాళ్ల మెదడుకు చెబుతుంది. సోఫాలో కాళ్లు చాపుకుని కూర్చున్నవాడికి గాల్లోకి లేచినట్టు, తిరిగి నేలను తాకినట్టు ఒళ్లంతా తెలుస్తుంది. బీచ్ రోడ్డులో స్కేట్‌బోర్డు వేసుకుని తిరిగే తమ్ముడి చెవికి ఆమె ఒకసారి సరదాగా ఆ పట్టీ తగిలించి చూసింది. అలా పుట్టిన ఆట అది. దేశమంతా ఎగబడి కొన్నారు. కొన్నవాళ్లెవరికీ తెలియని సంగతేమిటంటే, ఆటలో దూకుతున్నది కంప్యూటరు అల్లిన బొమ్మ కాదు, రక్తమాంసాలున్న ఒకే ఒక్క మనిషి. సంస్థ ఆ ముక్క ఎక్కడా చెప్పుకోలేదు. ఆట అయిపోయాక పేర్లన్నీ పరిగెత్తే చోట ‘చలన సహకారం’ అని సింహాద్రి పేరు కనిపిస్తుంది. అంతదాకా కూర్చుని చదివేదెవరు?

హైమ ఆట మొదలుపెట్టింది. మెట్ల పక్క కమ్మీ మీదికి బోర్డు లేస్తుందనగా, సరిగ్గా అక్కడే, బొడ్డు దగ్గర చిన్న పట్టు. రెప్పపాటు కూడా ఉండదు. ఎవరో వెనకనుంచి చొక్కా పట్టుకుని వదిలేసినట్టు ఉంటుంది. ఆ తర్వాత దూకే తీరంతా పాతదే, పాత అందమే. కానీ ఆ రెప్పపాటులోనే సరదా మొత్తం కారిపోతోంది. ఆటగాళ్లు అబద్ధం చెప్పలేదని ఆమెకు ఒప్పుకోక తప్పలేదు.

ఆ సంస్థలో శుక్రవారం సభ అని ఒకటుంది. దాన్ని పెట్టింది పెద్దసారు జగదీష్ పట్నాయక్. ఆటగాళ్ల తిట్టు ఏ శాఖకు తగిలితే ఆ శాఖ పెద్దే అందరి ముందూ నిలబడి దాన్ని పైకి చదవాలి. చదివాక ‘సరిచేస్తాం’ అనాలి. అంతే. సంజాయిషీ చెప్పకూడదు, అలా ఎందుకైందో వివరించకూడదు. కొన్నవాడికి మన కారణాలతో పని లేదని పట్నాయక్ గారి సిద్ధాంతం. ఆయన దుర్మార్గుడేం కాదు. ఎవరి పుట్టినరోజైనా కేకు తెప్పిస్తాడు, ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ఇంటికి పంపిస్తాడు. ఆ సభలో మాత్రం ‘ఎందుకు’ అన్న మాటకు చోటు లేకుండా చేసి, దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టుకున్నాడు.

హైమ నిలబడి చదివింది. ముహూర్తం మాట దగ్గర గది గొల్లుమంది. తాత మాట దగ్గర ఇంకా గొల్లుమంది. వెనక వరసలో కూర్చున్న సింహాద్రి అందరితోపాటు నవ్వబోయి, నవ్వు రాక, వంగి బూటు లేసు సవరించుకోవడం మొదలుపెట్టాడు. ఆ తిట్ల మధ్య ఒక్క అభిప్రాయం మాత్రం వేరేగా ఉంది. ఎవరో అమ్మాయి రాసింది. నాకు ఆ ఆగడమే నచ్చింది, ఎందుకో తెలీదు, మా నాన్న గుర్తొచ్చాడు అని. దాన్ని చదివితే తమ్ముణ్ని వెనకేసుకొచ్చినట్టు ఉంటుందని హైమ దాటేసింది. చివర్న ‘సరిచేస్తాం’ అంది. బెంగుళూరులో మంచి చురుకైన కుర్రాడొకడు ఉన్నాడట, అవసరమైతే పిలిపిద్దాం అని పట్నాయక్ గారు ఎటో చూస్తూ అని, కుర్చీలోంచి లేచాడు.

సింహాద్రి కాపురం కంచరపాలెంలో, వాలుగా దిగే ఒక సందులో. భార్య రేవతి పోర్టు ఆఫీసులో పనిచేస్తుంది. కూతురు మహతికి ఇంకా మాటలు ముద్దముద్దగానే వస్తున్నాయి. అమ్మానాన్న పోయాక తమ్ముడి మంచిచెడ్డలు చూసిందంతా హైమే కాబట్టి, ఆ ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదు. ఆ సాయంత్రం వెళ్లేసరికి సింహాద్రి పాపకు అన్నం పెడుతున్నాడు. అది ముద్ద నోట్లో పెట్టుకుని గది చుట్టూ తిరిగొస్తోంది. అతని కళ్లు దాని వెంటే తిరుగుతున్నాయి. బల్ల మూల దగ్గరికి వచ్చినప్పుడల్లా అతని అరచెయ్యి అలవాటుగా వెళ్లి ఆ మూలను కప్పుతోంది. హైమ అది చూసింది కానీ, చూశానని కూడా అనుకోలేదు.

ఆ పట్టు ఎక్కణ్నుంచి వచ్చిందని అడిగితే, అతను భుజం మీది పాత మచ్చ చూపించాడు. అది మహతి పాకే రోజుల్లో తగిలిన దెబ్బ. సందు పైనుంచి బోర్డు మీద దిగుతూ ఇంటి ముందున్న మెట్లు ఒక్క దూకులో దాటడం అతనికి రోజూ ఉన్నదే. ఆ రోజూ అలాగే దూకాడు. గాల్లో ఉండగా చూస్తే, తెరిచి ఉన్న తలుపులోంచి పాకుతూ వచ్చిన పిల్ల సరిగ్గా అతను దిగే చోట కూర్చుని పైకి చూసి నవ్వుతోంది. ఉన్న బలమంతా పెట్టి ఒళ్లు పక్కకు విసిరేసుకున్నాడు. భుజం గోడకు కొట్టుకుని విరిగింది. పిల్లకు చిన్న గీత కూడా పడలేదు.

"నేను చేసేది కాదక్కా అది. దానంతట అదే అయిపోతాది. కింద పాప ఉన్నాదేమోనని నాకంటే ముందు నా ఒళ్లే చూసుకుంటాది" అన్నాడు సింహాద్రి.

తర్వాత గొంతు తగ్గించి, బెంగుళూరు కుర్రాడి సంగతి నిజమేనా అని అడిగాడు. హైమ నిజమేనంది. అతను కంచంలో మిగిలిన మెతుకులు ఒక పక్కకు చేర్చాడు. బోర్డు తప్ప అతనికి వచ్చిన పని లేదు. చదువు మధ్యలో వదిలేశాడు. బీచ్ రోడ్డు మీద ఆకతాయి అని పోలీసులు తరిమిన వాడికి, అదే పని చేస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టిన చోటు అదొక్కటే. దాన్ని పోగొట్టుకోవడం అతనివల్ల కాదు. ఆ పట్టును తీసెయ్యగలవా అని అడిగింది అతనే, హైమ కాదు. తర్వాత రోజుల్లో ఆమె ఈ సంగతి తనకు తాను ఎన్నోసార్లు చెప్పుకుంది. చెప్పుకున్నందువల్ల ఏ ఒక్కసారీ మనసు కుదుటపడలేదు.

రాసిపెట్టిన దాంట్లోంచి పట్టును కత్తిరించడం మొదట చేసిన ప్రయత్నం. కత్తిరించిన చోటల్లా ఆడేవాళ్లకు కళ్లు తిరిగాయి, ఒకమ్మాయి వాంతి చేసుకుంది. బట్టలో దారం లాగినట్టు, ఒకటి తీస్తే పక్కనున్నవన్నీ వదులైపోతున్నాయి. ఇక మిగిలింది పుట్టే చోటే ఆపడం. సింహాద్రి దూకబోతుండగా ఆ పట్టు ఒంట్లో లేచే క్షణానికి, దానికి సరిగ్గా ఎదురైన అలను పట్టీ లోపలికి పంపాలి. రెండూ కొట్టుకుని చల్లారిపోతాయి. అప్పుడు రాసుకున్నది శుభ్రంగా ఉంటుంది. కాగితం మీద చూస్తే చాలా అందమైన ఉపాయం. హైమకు లోలోపల గర్వం కూడా కలిగింది.

తమ్ముడి ఒంటి మీద పెట్టేముందు తన మీద చూసుకోవాలనుకుంది. అక్కడ వరకూ ఎవరైనా మెచ్చుకోవలసిందే. పట్టీ తగిలించుకుని, ఎదురు అల పంపుకుంటూ, ప్రయోగశాలలో నిచ్చెన మీదనుంచి పరుపు మీదకి దూకింది. మళ్లీ మళ్లీ దూకింది. మేడ ఎక్కి అంచున నిలబడి కొండ కిందున్న సముద్రాన్ని చూసింది. తల తిరగలేదు, కడుపులో తిప్పలేదు, పట్టీ తీశాక కూడా ఏ తేడా కనిపించలేదు. హాని లేదని తన శాఖ తరఫున తనే రాసి ఇచ్చింది.

తేడా ఎక్కణ్నుంచి వస్తుంది? హైమ ఒంటరి మనిషి. చిన్నప్పట్నుంచి దేనికీ జంకని పిల్ల. కింద ఎవరున్నారో చూసుకుని దూకవలసిన అవసరం ఆమె ఒంటికి ఎన్నడూ రాలేదు. ఆ పట్టు ఆమెలో లేనే లేదు. ఖాళీ గదిని ఊడ్చి, దుమ్ము రాలేదు కాబట్టి చీపురు మంచిదని తేల్చినట్టయింది. ఇంత చదువుకున్న మనిషికి ఆ చిన్న ముక్క తట్టలేదు. ఎందుకు అని అడిగే అలవాటున్న చోటైతే ఎవరో ఒకరు అడిగి ఉండేవాళ్లేమో.

రేవతి మాత్రం ఒక మాట అడిగింది. సింహాద్రి దూకడాన్ని పట్టీతో మళ్లీ రాసుకునే పని మొదలయ్యే రోజు పొద్దున్న ఫోన్ చేసి, "అది తీసేశాక మళ్లీ వస్తాదా వదినా?" అంది. పట్టీ తియ్యగానే వచ్చేస్తుందని హైమ తడుముకోకుండా చెప్పింది.

భవనం అడుగున సింహాద్రి కోసమే కట్టిన సిమెంటు గుంట ఉంది. పెద్ద మూకుడులా నున్నగా వంపు తిరిగి ఉంటుంది. ఆ రోజు అతను దాంట్లోకి దిగిన తీరు చూసినవాళ్లు జన్మలో మర్చిపోరు. మొదటి దూకులో పట్టు లేచింది, పట్టీ దాన్ని నొక్కేసింది. తెర మీద చిన్న గీత లేచి పడిపోవడం హైమ చూసింది. రెండోసారి గీత ఇంకాస్త పొట్టిగా లేచింది. మధ్యాహ్నం దాటాక అసలు లేవలేదు. ఎంత చెప్పినా నోరు నొక్కేస్తుంటే ఇక చెప్పి లాభం లేదనుకున్నట్టు, అది లోపలే ఊరుకుంది. హైమకు అప్పుడు కలిగింది సంతోషమే. గుంట అంచు మీదనుంచి లేచి, గాల్లో ఒళ్లు మెలితిప్పి, బోర్డును పాదాలతో అందుకుని దిగుతున్న తమ్ముడిలో ఆమెకు పాత కుర్రాడు కనిపించాడు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. పట్నాయక్ గారు స్వయంగా కిందికి దిగొచ్చి అతన్ని కౌగిలించుకున్నాడు.

అప్‌డేట్ వెళ్లిన రోజునుంచే అభిప్రాయాల గాలి మళ్లింది. మనోడు తిరిగొచ్చాడని ఒకడు, ఇదిరా అసలు రెండో భాగమంటే అని ఒకడు, తిట్టినందుకు సారీ అని ఇంకొకడు. వరంగల్ కుర్రాడు, "పాణం లేచొచ్చిందన్నా" అన్నాడు. అనంతపురం పెద్దమనిషి కూడా రెండు పేరాలు మెచ్చుకున్నాడు. శుక్రవారం సభలో పొగడ్తలు చదివే ఆచారం లేకపోయినా, హైమ చేత పట్నాయక్ గారు వాటిని చదివించాడు. ఆమె కొన్నిటిని రెండేసిసార్లు చదివింది. ఆనందంతోనే.

ఇంట్లో కూడా మొదట అందరికీ బాగానే అనిపించింది. సింహాద్రి ఈలలు వేస్తున్నాడు, పాపను ఎత్తి ఎగరేస్తున్నాడు, పడుకోగానే నిద్రపోతున్నాడు. అతను ఇంత హుషారుగా ఉండి ఎన్నాళ్లయిందోనని రేవతే అంది. ఒకరోజు అతని బండి వెనక కూర్చుని తాటిచెట్లపాలెం జంక్షన్ దాటినప్పుడు ఆమెకు మొదటిసారి అనుమానం వచ్చింది. లారీ వస్తుంటే అతను అడ్డంగా పోనిచ్చాడు. తొందరపడీ కాదు, తెగించీ కాదు. ఇటూ అటూ చూడాలన్న ధ్యాసే లేదు. తిడితే సరే అన్నాడు, మర్నాడూ అలాగే పోనిచ్చాడు. అన్నం పెట్టేటప్పుడు అతని అరచెయ్యి బల్ల మూలకు వెళ్లడం మానేసింది. మహతి నుదుటి మీద బొప్పి కట్టాక గానీ రేవతికి ఆ సంగతి తెలియలేదు.

తర్వాత జరిగినదాన్ని రేవతి హైమకు ఫోన్‌లో చెప్పలేకపోయింది. ఆటోలో వచ్చి ఎదురుగా కూర్చుని చెప్పింది.

ఆఫీసునుంచి వస్తూ సందు మొదట్లో ఆమె తలెత్తి చూసింది. మేడ పిట్టగోడ మీద మహతి నడుస్తోంది. రెండు చేతులూ బారగా చాపి, అడుగులో అడుగు వేసుకుంటూ. కింద రెండంతస్తుల లోతు. పిల్ల వెనక మేడ మీద సింహాద్రి, జేబుల్లో చేతులు పెట్టుకుని, తాపీగా, ముచ్చటగా చూస్తూ నడుస్తున్నాడు. అరిస్తే పిల్ల ఉలిక్కిపడుతుందని రేవతి అరవలేదు. చెప్పులు సందులోనే వదిలేసి, చప్పుడు కాకుండా మెట్లెక్కి, వెనకనుంచి వెళ్లి పిల్లను రెండు చేతులతో అందుకుంది. దాన్ని కిందకు దించాక అప్పుడు మొగుణ్ని చెంపమీద కొట్టింది. అతను నిజంగానే తెల్లబోయాడు. కోపం కూడా రాలేదు.

"పడదే. నేనున్నాను కదేటి" అన్నాడట.

"నువ్వు లేవు" అందట రేవతి.

చెబుతున్నప్పుడు ఆమె ఏడవలేదు. హైమే ఏడ్చింది. వదిన ఏడుపు ఆగేదాకా రేవతి కూర్చుని, తర్వాత లేచి, ఆయన్ని మీ దగ్గర ఉంచుకోండి అంది. ఆదివారం ఆదివారం పాపను చూపిస్తానంది. ఒక్కణ్ని మాత్రం పంపొద్దు, మీరు పక్కనుండాలి అంది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే హైమకు కాస్త నయంగా ఉండేది.

సింహాద్రి ఒక సంచీ, బోర్డు పట్టుకుని అక్క ఇంటికి వచ్చేశాడు. రేవతికి కొన్నాళ్లు కోపముంటుంది, తగ్గిపోతుంది అని అక్కకే ధైర్యం చెప్పాడు. పాప పిట్టగోడ మీద ఉన్నప్పుడు నీకేమనిపించిందిరా అని హైమ అడిగింది. ఆలోచించి, నిజాయితీగా, బాగుంది చూడ్డానికి అన్నాడు. కూతురంటే ప్రేమ తగ్గిందా అంటే అదీ లేదు. ఫోన్‌లో దాని గొంతు వింటే ఇప్పటికీ మొహం వెలిగిపోతుంది. ప్రేమ పక్కనే ఇన్నాళ్లూ కాపలా కూర్చున్నది ఏదైతే ఉందో, అదే లేచి వెళ్లిపోయింది.

ఆ వారం సభలో పొగడ్తలు చదవమంటే హైమ చదవలేదు. నిలబడి జరిగిందంతా చెప్పింది. అప్‌డేట్ వెనక్కి తీసుకోవాలని, ఎదురు అల పద్ధతిని ఇంకెవరి మీదా వాడకూడదని, అది మనిషిలోంచి ఏం తీసేస్తుందో తనకు తెలియకుండానే వాడానని చెప్పింది. ఎవరూ ఆమె కళ్లలోకి చూడలేదు.

పట్నాయక్ గారు మంచినీళ్ల గ్లాసు ఆమె ముందుకు జరిపాడు. చాలా బాధగా ఉందని, తమ్ముడికి మంచి డాక్టరును తనే చూస్తానని అన్నాడు. తర్వాత, "ఇది ఆటగాళ్లెవరైనా రాశారా హైమ గారూ, లేక మీ అభిప్రాయమా?" అని అడిగాడు.

"నా అభిప్రాయం సార్."

ఆయన తల పంకించి తర్వాతి శాఖను లేవమన్నాడు. ఆ మధ్యాహ్నమే మూడో భాగం మాట బయటికొచ్చింది. ఈసారి ఇంకా ఎత్తులు కావాలని ఆటగాళ్లు అడుగుతున్నారట.

హైమకు ఒక దారి మిగిలింది. రెండో భాగానికి మొదట రాసుకున్నది, ఆటగాళ్లంతా ఛీకొట్టినది, ఇంకా ఆమె దగ్గర ఉంది. దాంట్లో ఆ పట్టు చెక్కు చెదరకుండా ఉంది. సింహాద్రిది సింహాద్రికే తిరిగి వినిపిస్తే, మూగబోయినది మళ్లీ నోరు విప్పవచ్చు. ఖాయంగా చెప్పలేం కానీ, ఆశ పెట్టుకోవడానికి అదొక్కటే ఉంది. పట్టీ ఇంటికి తెచ్చి తమ్ముణ్ని కుర్చీలో కూర్చోమంది. అక్క చెప్పింది కాబట్టి కూర్చున్నాడు.

ఆమె అతని మొహాన్నే చూస్తూ ఉండిపోయింది. ఆటలో బోర్డు మెట్ల మీదికి లేవబోయే చోట అతని కనుబొమలు ముడిపడ్డాయి. మెడ ముందుకు వంగింది. కుడిచెయ్యి తెలియకుండానే లేచి, ఏదో చిన్నదాన్ని అడ్డుకోబోతున్నట్టు గాల్లో నిలబడింది. చాలా రోజుల తర్వాత అది ఒక తండ్రి మొహం. హైమ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అతను పట్టీ ఊడబీకేశాడు.

"ఎవడక్కా వీడు? ఇంత పిరికోడేటి? ముందుకెళ్దామంటే వెళ్లనివ్వడు."

"నువ్వేరా" అంది హైమ.

అతను నవ్వాడు. పట్టీని బల్ల మీద పెట్టి, కడుపు తడుముకున్నాడు. "ఆళ్లన్నదాంట్లో తప్పేటీ లేదు. వీడితో ఎవుడూ ఆడలేడు" అన్నాడు.

ఆమె బతిమాలింది, కోప్పడింది, పాప మీద ఒట్టు పెట్టింది. రోజూ కాసేపు పెట్టుకుంటే చాలంది. రెండు మూడుసార్లు అక్క కోసం పెట్టుకున్నాడు, ప్రతిసారీ కాసేపటికే తీసేశాడు. ఒంట్లో బాగోవడం లేదంటాడు. ఎందుకు పెట్టుకోవాలో చెప్పమంటాడు. మహతికి ఏదైనా అవుతుందని చెబితే, ఏమవుతుందని అడుగుతాడు. అది అడ్డంగా వాదించడం కాదు, నిజంగా తెలియకే అడుగుతాడు. భయం పోయిన మనిషికి భయం ఎందుకు కావాలో చెప్పడానికి ఆమె దగ్గర మాటలు లేవు. ఆకలి లేనివాడికి తినిపించడంలాగే అది కూడా బలవంతాన అయ్యే పని కాదు. హైమ ఉద్యోగానికి రాజీనామా పంపింది. దాన్ని ఎవరూ సభలో చదవలేదు.

ఆదివారం సాయంత్రాలు ముగ్గురూ పాపను బీచ్‌కు తీసుకువెళ్లేవాళ్లు. రేవతి రోడ్డు పక్క మెట్ల మీద కూర్చునేది, ఇసకలోకి దిగేది కాదు. ఆ ఆదివారం జనం పలచగా ఉన్నారు. అలలు కాస్త పెద్దవిగానే వస్తున్నాయి. మొక్కజొన్న పొత్తులమ్మే ఆవిడ దగ్గర సింహాద్రి ఒకటి కాల్పించి, గింజలు ఒలిచి కూతురి దోసిట్లో పోశాడు. తినడం అయిపోగానే అది చేతులు గౌనుకు తుడుచుకుని నీళ్లకేసి పరిగెత్తింది. తండ్రి దాని వెనకే వెళ్లి పాదాలు మునిగే నీళ్లలో నిలబడ్డాడు. ఒడ్డున చెప్పులు తీస్తున్న హైమ నాలుగడుగులు వెనకబడింది.

కెరటం వెనక్కి లాగిన తడి ఇసక మీద మహతి ఆగింది. ముందుకు వెళ్లాలో వద్దో దానికి తెలియలేదు. పిల్లలందరూ చేసే పనే చేసింది. వెనక్కి తిరిగి తండ్రి మొహం కేసి చూసింది. ఆ మొహంలో వద్దు అన్నది ఎక్కడైనా ఉందేమోనని పరీక్షగా వెతికింది. కనుబొమలు ముడిపడలేదు, చెయ్యి లేవలేదు. సింహాద్రి కళ్లనిండా మురిపెంతో నవ్వుతున్నాడు. అంతకంటే అనుమతి ఏం కావాలి? పిల్ల కూడా నవ్వి, ముందుకు తిరిగి, వస్తున్న అలలోకి చేతులు చాపుకుంటూ నడిచింది.

హైమ ఎలా పరిగెత్తిందో ఆమెకే తెలియదు. గౌను అంచు వేళ్లకు దొరికే సమయానికి నీళ్లు పిల్ల తల మీదుగా వెళ్లిపోయాయి. లాగి ఎత్తుకుంటే ముక్కుల్లోంచి ఉప్పునీళ్లు కారుతున్నాయి. వీపు మీద చరిస్తే దగ్గి, ఊపిరి తీసుకుంది. హైమ దాన్ని గుండెకు అదుముకుంది. నిచ్చెన మీదనుంచి అన్నిసార్లు దూకినప్పుడు ఆమెలో దొరకని ఆ పట్టు ఇప్పుడు బొడ్డు దగ్గర ఇనప పిడికిలిలా బిగుసుకుంది.

మహతి ఏడవలేదు. అత్త ఎందుకంత గట్టిగా అదుముకుందో అర్థంకాక ఆమె మొహంలోకి చూసి, "నాన్న వద్దనలేదు కదత్తా" అంది.

మెట్ల దగ్గరికి వెళ్లేసరికి రేవతి లేచి నిలబడి ఉంది. చేతులు చాపి పిల్లను తీసుకుంది. కొంగుతో దాని తల తుడుస్తూ, చెప్పులు కూడా తొడగకుండా రోడ్డెక్కి ఆటోను ఆపింది. వచ్చే ఆదివారం గురించి ఆమె చెప్పలేదు, హైమ అడగలేదు. సింహాద్రి ఇంకా నీళ్లలోనే నిలబడి, వెళ్లిపోతున్న ఆటోకు రెండు చేతులూ ఎత్తి హుషారుగా ఊపుతున్నాడు.